ఐదో లెవల్ పెద్దదా, మూడోదా?

ముప్పై ఏళ్లు దాటాక మనుషులకు రకరకాల కోరికలుంటాయి. నాకు మాత్రం ఒక్కటే ఉండేది, కుర్చీ. చేతులున్నది కాకపోయినా ఫరవాలేదు, ఒక కాలు కాస్త ఊగినా ఫరవాలేదు. ముందర ఒక బల్ల ఉండాలి, దాని మీద నా పెన్ను ఉండాలి, వచ్చినవాళ్లు బల్లకు అవతల నిలబడి నాతో మాట్లాడాలి. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే ముందు కుర్చీ రానీయండి, ఆ తరువాత చూద్దాం అనేదాన్ని. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి ఊరుకునేవాళ్లు.

ఎందుకంటే నా పనంతా నిలబడి చేసేదే. గోదావరిఖని దగ్గర, గని నుంచి వచ్చిన బొగ్గు పెద్ద బెల్టు మీద పోతూ ఉంటుంది. దానికి రెండు పక్కలా నిలబడి, బొగ్గుతో పాటు వచ్చే రాళ్లు ఏరి పారెయ్యాలి. ఎనిమిది గంటలు. బెల్టుకు అలుపు లేదు, మనకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే కళ్లూ పళ్లూ తప్ప మిగతా మొహం ఎవరిదో అన్నట్టు ఉండేది.

ఆ పని నాకు మా బాపు వల్ల వచ్చింది. బాపు బాయిలో కోల్ ఫిల్లరుగా చేశాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. తట్టా, చెమ్మాసూ అంటే పారా పట్టుకుని లోపల బొగ్గు టబ్బులు నింపే పని. ఊపిరి సరిగ్గా ఆడక డాక్టర్లు అన్‌ఫిట్ రాసేసరికి, ఆ నౌకరీ ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. పుస్తకాలు అటక మీద పెట్టి బెల్టు దగ్గరికి పోయాను. మిగిలిన డిగ్రీ తరువాత దూరవిద్యలో ఎట్లాగో గట్టెక్కించాను.

పనిలో చేరినందుకు నాకు బాధ లేదు. అన్నం పెట్టిన పని. కానీ ఒక మాట మాత్రం వినబడితే ఒళ్లు మండేది. "ఆమెదేముంది, బాపు నౌకరీ చేస్తున్నది" అని. బెల్టు దగ్గరా అంతే, క్వార్టర్లలో నల్లా దగ్గరా అంతే. ఎండలో నిలబడేది నేను, రాళ్లు ఏరేది నేను, నౌకరీ మాత్రం ఇంకా ఆయనదే. నాకంటూ ఒకటి, నేను చదివి నేను సంపాదించుకున్నది ఒకటి ఉండాలని పట్టుదల పుట్టింది అందుకే. కుర్చీ అనేది పైకి చెప్పే మాట.

క్లర్కు పోస్టులకు లోపల పనిచేసేవాళ్లకే పరీక్ష పెడతారు. మొదటిసారి రాశాను, రెండు మార్కుల్లో పోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే మిగతావన్నీ బాగానే ఉన్నాయి, పోయినవన్నీ ఒకే రకం లెక్కలు. మరీ పెద్ద అంకెలనూ మరీ చిన్న అంకెలనూ పది పవర్ ఇంత అని కుదించి రాస్తారు కదా, బడి పుస్తకంలో ప్రామాణిక రూపం అంటారు, అవి. ఒకదాన్ని ఇంకోదానితో భాగించి, ఇది దానికి ఎన్ని రెట్లు అని చెప్పాలి. నాలుగు ప్రశ్నలు, నాలుగూ తప్పు. మళ్లీ నోటీసు పడినప్పుడు ఈసారి వీటి అంతు చూడాల్సిందే అనుకున్నాను.

మా కాలనీకి కొంచెం ఎగువన ఆఫీసర్ల క్వార్టర్లున్నాయి. అక్కడ ఒక ఇంజినీరుగారి భార్య ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్లు. పెళ్లికి ముందు లెక్కల టీచరుగా చేసిందట. పరీక్ష రాసేవాళ్లకు ఆదివారాలు ఊరికే చెబుతానని ఆమే కబురు పంపింది. ఐదుగురం పోయేవాళ్లం. వరండాలో చాప, గోడకు చిన్న నల్లబల్ల, మధ్యలో టీ. ఆమె మమ్మల్ని మీరు అనేది, అండీ అనేది. మొదటి వారం ఆ అండీలకే మాకు సగం భయం వేసింది.

పది పవర్ మూడు, పది పవర్ ఏడు, ఇట్లా పైకి పోయేవి బాగానే చెప్పింది, బాగానే చేశాం. చిక్కంతా మైనస్‌లు వచ్చిన ఆదివారం మొదలైంది.

"పది పవర్ మైనస్ మూడు, పది పవర్ మైనస్ ఐదు. ఈ రెండిట్లో ఏది పెద్దదో చెప్పండి" అంది మేడం.

"మైనస్ ఐదు" అన్నాం ఐదుగురం, ఒక్క గొంతుతో.

మేడం చాక్‌పీసు పట్టుకుని మా వైపు తిరిగింది. "మీరంతా దార్లో మాట్లాడుకుని వచ్చారా?"

"లే మేడం, ఐదే కదా పెద్దది" అన్నాడు మాలో పెద్దవాడు, పంపు ఆపరేటరన్న. మేమంతా తలలూపాం.

ఆమె వివరించింది. మైనస్ మూడంటే వెయ్యో వంతు, మైనస్ ఐదంటే లక్షో వంతు. లక్ష మందికి పంచితే వచ్చే ముక్క చిన్నదా, వెయ్యి మందికి పంచితే వచ్చేదా? వింటుంటే అర్థమైనట్టే ఉండేది. సరే అనుకుని పుస్తకంలోంచి ఒక లెక్క ఇచ్చింది. ఒక బొగ్గుపెళ్ల బరువు రెండు ఇంటూ పది పవర్ మూడు గ్రాములు. ఒక బొగ్గు ధూళి కణం నాలుగు ఇంటూ పది పవర్ మైనస్ ఆరు గ్రాములు. పెళ్ల, కణానికి ఎన్ని రెట్లు?

ఐదుగురం తలలు వంచి చేశాం. రెండుని నాలుగుతో భాగిస్తే సగం. మూడులోంచి ఆరు తీసేస్తే మైనస్ మూడు. అందరి నోట్‌బుక్కుల్లోనూ అదే జవాబు.

మేడం అన్నీ చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అంటే బొగ్గుపెళ్ల కన్నా ధూళి పెద్దదని తేల్చారన్నమాట!"

"మా బెల్టు కాడికి వచ్చి చూడుండ్రి మేడం, నిజంగ ధూళే పెద్దది" అన్నాడు పంపు ఆపరేటరన్న. అందరం పగలబడి నవ్వాం. ఆమె కూడా నవ్వింది. కానీ రెండోసారి ఇచ్చినా అదే, మూడోసారి ఇచ్చినా అదే. మూడోసారి ఆమెకూ ఓపిక తగ్గింది. "చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబుతున్నానండీ, ఇంకెలా చెప్పను?" అంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు, నేనే ఒప్పుకోను. ఆ రోజు మాత్రం ఒప్పుకోక తప్పదు. "మేం చిన్నపిల్లలం కాదు మేడం. వారమంత డ్యూటీల నిలవడి నిలవడి ఇటు వచ్చినం" అని లేచి, సంచీ భుజానేసుకుని మెట్లు దిగేశాను. టీ కూడా తాగలేదు. సగం దారిలో ఆ టీ గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

తరువాతి ఆదివారం పోలేదు. పరీక్ష ఇంకో పదిహేను రోజులే ఉంది. క్వార్టరు ముందు మంచం వాల్చుకుని బాపు కూర్చునేవాడు. ఆయన పక్కనే గడప మీద కూర్చుని, నేను ఆ లెక్కనే తిప్పి తిప్పి చేస్తూ గొణుక్కుంటున్నాను.

"ఏంది బిడ్డా, గట్ల నీలో నువ్వే కొట్లాడుతున్నవ్?" అన్నాడు బాపు.

"లెక్కలు బాపు. నీకు తెల్వయి."

ఆ మాట అన్నాక నాకే బాగనిపించలేదు. బాపు మాత్రం ఏమీ అనుకోలేదు. "చెప్తె కదా తెల్సేది" అన్నాడు.

చెప్పాను, కొంచెం విసుగ్గానే. పది పవర్ ఒకటి అంటే పది, రెండంటే వంద, మూడంటే వెయ్యి, ఒక్కో మెట్టు ఎక్కితే పదింతలు. మైనస్ అంటే కిందికి దిగుడు. ఒక్కో మెట్టు దిగితే పదో వంతు.

"మరి సున్నా కాడ ఏముంటది?"

"ఒకటి ఉంటది."

"అంటె సున్నా అంటె నేల. పైకి పోతె మట్టి గుట్ట, కిందికి పోతె బాయి. గంతేనా?"

"గంతే."

"మరి నీ తిప్పలేంది?"

"మైనస్ మూడు పెద్దదా, మైనస్ ఐదు పెద్దదా అని అడిగిన్రు. ఐదు అన్న. తప్పంటున్రు."

బాపు నొసలు ముడిచాడు. "ఐదో లెవల్ పెద్దది కాదా మరి? మూడో లెవల్ కన్న ఐదో లెవల్ల పనంటె ఎంత కష్టం. ఎవరికి తప్పు కొట్టిన్రు, నీకా?"

"చూడు, నువ్వు గూడ గట్లనే అంటున్నవ్!" అన్నాను.

అప్పుడర్థమైంది నాకు, ఐదుగురం ఒకే తప్పు ఎందుకు చేస్తున్నామో. మేం పుట్టింది, పెరిగింది బాయి చుట్టూ. బాయిలో కిందికి పోయినకొద్దీ లెవల్ నంబరు పెరుగుతుంది. ఎంత లోతు లెవల్లో పనిచేస్తే ఇంటిదగ్గర అంత గొప్ప. "మా ఆయన ముప్పయ్యో లెవల్ల చేస్తడు" అంటే పక్కింటామె నోరు మూసేది. మా ఊళ్లో లోతంటే పెద్దదే. పాపం ఆ మేడం ఏం చేస్తుంది?

బాపు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గై, దగ్గు తగ్గేదాకా వేలు పైకెత్తి నన్ను ఆగమన్నాడు.

"నువ్వే చెప్తివి కదనే, దిగినకొద్ది పదో వంతు అయితదని. నేను బాయి మొగదాల నిలవడి నాకన్న ముందటోళ్లు వాలుదారిల దిగుతుంటె చూసేటోన్ని. మొదలు మనిషి కనవడ్తడు. ఇంకింత దిగితె తలకాయ మీది లైటే కనవడ్తది. ఇంకింత దిగితె జొన్నగింజంత మెరుపు. ఆఖరుకు అదీ ఉండదు. లెవల్ పెరిగింది, లైటు చిన్నగైంది. నీ మైనస్ ఐదు అంటె ఎంత లోతని అడుగుడు కాదు బిడ్డా, ఆడి లైటు ఎంత కనవడ్తదని అడుగుడు."

నేను పెన్ను పక్కన పెట్టాను. ఇన్నేళ్లూ బట్టీ పట్టిన మైనస్‌లన్నీ ఆ వాలుదారిలో వరసగా దిగిపోతూ, ఒకదానికన్న ఒకటి చిన్నవై నాకు కనబడ్డాయి.

"సరే, ధూళి ఆరో లెవల్ల ఉన్నది. పెళ్ల గుట్ట మీద మూడో మెట్టు కాడ ఉన్నది. ఎన్నింతలు పెద్దది అంటె ఏం జెయ్యాలె?" అని నేనే అడిగాను, ఆయన్ను పరీక్షిస్తున్నట్టు.

"చేసేదేమున్నది, నడుమ మెట్లు లెక్కవెట్టుడే. ఆరో లెవల్ నుంచి నేల మీదికి రావాల్నంటె ఆరు. ఆడికెల్లి గుట్ట మీదికి మూడు. తొమ్మిది. తొమ్మిదిసార్లు పదింతలు."

మైనస్‌ను తీసేస్తే ప్లస్ అవుతుందని బడిలో నేర్పారు. నేను రాసేదాన్నేగానీ ఒక్కరోజూ నమ్మలేదు. తీసేస్తే తగ్గాలిగానీ పెరగడమేమిటని లోపల అనుమానం ఉండేది. ఆ సాయంత్రం నమ్మాను. కిందనున్నవాడు పైకి రావాలంటే ఆ లోతంతా ఎక్కాల్సిందే కదా, అది కలపక ఏం చేస్తాం?

ఇంకో ముడి మిగిలింది. ముందరి రెండుని నాలుగుతో భాగిస్తే సగం వస్తుంది. సగం ఇంటూ పది పవర్ తొమ్మిది. కానీ ప్రామాణిక రూపంలో ముందుండే అంకె ఒకటికి తక్కువ కాకూడదు, పదికి చేరకూడదు. ఈ రూలెందుకో నాకెప్పుడూ గుర్తుండేది కాదు. బాపుకు చెప్పాను.

"సగం టబ్బు ఎవడు రాసుకుంటడే?" అన్నాడు వెంటనే. వాళ్ల రోజుల్లో తక్కువ నిండిన టబ్బు పైకి వస్తే, టబ్బులు రాసుకునే ఆయన దాన్ని లెక్కలో వేసుకునేవాడు కాదట. నింపుకొని రమ్మనేవాడట. "మరి నీ సగాన్ని నింపాల్నంటె ఏం జెయ్యాలె?"

"ఒక మెట్టు దిగాలె" అన్నాను మెల్లగా. తొమ్మిదో మెట్టు మీద సగమంటే, ఎనిమిదో మెట్టు మీద ఐదు. ఐదు ఇంటూ పది పవర్ ఎనిమిది. అంటే యాభై కోట్ల రెట్లు. పుస్తకం వెనక జవాబు చూశాను. అదే ఉంది. గడప మీదనుంచి లేచి ఎగిరి గంతేశాను. పక్కింటి గోడ మీది కాకి ఎగిరిపోయింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా మేడం దగ్గరికి పోయాను. మొహం కడుక్కోలేదు కూడా. కడుక్కుంటే ధైర్యం పోతుందేమో అని.

"తప్పైంది మేడం. ఆ రోజు గట్ల మాట్లాడొద్దుండె" అన్నాను.

"అయ్యో, కూర్చోండమ్మా. అలసిపోయి వచ్చినవాళ్లను అలా అనకూడదు, తప్పు నాదేనండీ" అని ఆమె లోపలికి పోయి టీ తెచ్చింది. తాగుతూ బాయి సంగతి, లెవల్ సంగతి, లైటు సంగతి, సగం టబ్బు సంగతి అన్నీ చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది. "ఎనిమిదేళ్లుగా ఇక్కడున్నాను. ఒక్కసారి కూడా గని దిగలేదండీ. మా ఆయన ఇంటికొచ్చి లెవల్, డిప్పు అంటుంటే ఊ కొట్టేదాన్ని" అంది.

ఆ ఆదివారం నల్లబల్ల మీద బాయి బొమ్మ వేసింది. నడుమ నేల గీత, పైన మట్టిగుట్ట మెట్లు, కింద వాలుగా లెవళ్లు. పంపు ఆపరేటరన్న లేచి, డిప్పు, అంటే లోపలికి దిగే వాలు, అంత నిటారుగా ఉండదు మేడం అని దాన్ని సరిదిద్దాడు. ఆ తరువాత ఒక్కరూ తప్పు చేయలేదు. పైగా మాకు పిచ్చి పట్టింది. కనబడిన ప్రతిదాన్నీ ప్రతిదానితో భాగించడమే. ఓపెన్‌కాస్టు గనిలో తిరిగే పెద్ద డంపర్ నూరు టన్నులనుకుందాం, దోమ రెండున్నర మిల్లీగ్రాములనుకుందాం, డంపరుకు ఎన్ని దోమలు సమానం? రెండిటినీ గ్రాముల్లోకి మారిస్తే పైన ఎనిమిది మెట్లు, కింద మూడు లెవళ్లు, కలిపి పదకొండు. ఒకటిని రెండున్నరతో భాగిస్తే టబ్బు నిండలేదు, ఒక మెట్టు దిగి నాలుగు. నాలుగు వేల కోట్ల దోమలు. "మా కాలనీ దోమలైతె అన్ని అక్కర్లే మేడం, సగం చాలు" అన్నాను. మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. టీ గ్లాసులూ చెరువూ, చీమా ఏనుగూ, జుట్టు మందం గోదావరి పొడవూ, ఏదీ వదల్లేదు. బెల్టు దగ్గర పక్కన నిలబడే అక్క, "నీకేమైందే, రాయిని పట్టుకొని చూస్తనే ఉంటున్నవ్" అని గదమాయించింది. ఆ రాయికి ఎన్ని ధూళి కణాలో అని లెక్కేస్తున్నానని చెప్పలేదు. చెబితే దవాఖానకు తీసుకుపోయేది.

పరీక్ష మందమర్రిలో పడింది. పొద్దున్నే బస్సెక్కి, ఒడిలో నోట్‌బుక్కు పెట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా అక్కడికి చేరాను. ప్రశ్నపత్రం ఇచ్చారు. ముందు ఆ లెక్కల కోసమే వెతికాను. ఇంత కష్టపడ్డాను కదా, పోయినసారిలా నాలుగైనా వస్తాయనుకున్నాను. ఒక్కటే వచ్చింది! నిజం చెప్పాలంటే పేపరు తయారుచేసినవాళ్ల మీద కోపం వచ్చింది.

ఒక ట్యాంకులో మూడు ఇంటూ పది పవర్ ఐదు లీటర్ల నీళ్లున్నాయి. ఒక గరిటెలో ఆరు ఇంటూ పది పవర్ మైనస్ రెండు లీటర్లు పడతాయి. ట్యాంకులో ఎన్ని గరిటెలు? కింద నాలుగు జవాబులు. అందులో ఒకటి, మూడు వారాల కిందటి నేనైతే కళ్లు మూసుకుని పెట్టేసేది, ఐదు ఇంటూ పది పవర్ రెండు. ప్రశ్నపత్రం అంచున చిన్నగా నేల గీత గీశాను. పైకి ఐదు, కిందికి రెండు, కలిపి ఏడు. మూడుని ఆరుతో భాగిస్తే సగం. ఒక మెట్టు దిగి ఐదు. ఐదు ఇంటూ పది పవర్ ఆరు. గుండ్రం నింపాను, పెన్ను మళ్లీ దాని మీదికి పోనీయలేదు.

ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. నా నంబరు చిట్టచివరన ఉంది. చివరి నంబరు కింద గీత కొట్టారు. అంటే ఇంకొక్క మార్కు తగ్గి ఉంటే గీత నా నెత్తి మీద పడేది. మూడుసార్లు చూసుకున్నాను. పంపు ఆపరేటరన్న నంబరు నాకన్న చాలా పైన ఉంది, ఆయన అక్కడే అందరికీ మిర్చి బజ్జీలు తినిపించాడు. నేను రెండు పొట్లం కట్టించుకుని ఇంటికి పరుగెత్తాను.

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చింది బాపు! ఒక్క మార్కుల గట్టెక్కిన. నువ్వు చెప్పిన లెక్క ఒక్కటే వచ్చింది, గదే నిలవెట్టింది" అని ఆయన చేతిలో మిర్చి పెట్టాను. "గా ఒక్క మార్కు నీదే. కుర్చీల సగం నీదే ఇగ."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం ముడుచుకుంది. మిర్చిని పొట్లంలో తిరిగి పెట్టాడు.

"నాదెందుకైతది?" అన్నాడు. గొంతు పైకి లేచింది. బాపు నా మీద గొంతు పెంచడం నాకు గుర్తు లేదు. "నా నౌకరీ తెచ్చి నీ మెడల ఏసిన. సదువుకునే పిల్లను బెల్టు కాడ నిలవెట్టిన. బాపు నౌకరీ, బాపు నౌకరీ అని వాడకట్టంతా అంటుంటె నీకే వినవడ్తదనుకుంటున్నవా? నాకు వినవడదా? ఇన్నేండ్లు గదే వింటున్న. ఇదన్న పూర నీది కానియ్యి బిడ్డా. ఇందుల నా పాలు పెట్టకు."

నా ఒంటికే మండిందనుకున్న ఆ మాట, ఈ మంచం మీద కూర్చుని ఆయన కూడా రోజూ వింటున్నాడని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాను.

"సరే బాపు," అన్నాను, "నాదే."